పెద్దక్క మారిపోతోంది

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లగానే ఎవరి కంటా పడకుండా ఇంకో పాఠం పూర్తి చేయాలని పెద్దక్క పొద్దున్నే అనుకుంది. ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లందరిలోకీ వయసులో పెద్దది కాబట్టి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇన్నేళ్లూ ఒకే ఎడిటర్‌లో, అంటే కోడ్ టైపు చేసే ఒకే సాఫ్ట్‌వేర్‌లో, పని చేసింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్‌తో పనే లేదు. పిల్లలంతా వాడే కొత్త ఎడిటర్ ఆమెకు గిట్టదు. తాను లైను మొదలుపెట్టగానే మిగతాది అదే పూర్తి చేసేస్తుంది, అచ్చం ఇంట్లో ఆయనలాగే. కానీ పక్క సీటతన్ని పాతకాలం మనిషని ఇంటికి పంపేశాక, ఆమెకు కంటి మీద కునుకు లేదు.

కూతురి వయసు పిల్లల్ని నేర్పమని అడగడానికి నామోషీ. అందుకే ప్రింటర్ గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కొత్త ఎడిటర్ మీద వీడియో పాఠాలు వింటోంది. పాఠంలో అడిగే ప్రశ్నలకు పైకే జవాబులు చెబుతోంది. ఆ రోజు కాగితాల కోసం వచ్చిన, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టర్ అమ్మాయిని చూసి లాప్‌టాప్ టక్కున మూసేసింది.

"పెద్దక్క ఎక్కడో ఇంటర్వ్యూ ఇస్తోంది" అని ఆ అమ్మాయి ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ కడుపులో మాట దాచుకునే రకం కాదు. సాయంత్రానికల్లా సంగతి మేనేజర్ చెవిన పడింది. అతను పెద్దక్కను తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"నాకు తెలిసిపోయిందక్కా. మారిపోతున్నారట కదా?"

"అవునండీ. ఇంకా పాతదాన్నే పట్టుకుని వేళ్లాడితే లాభం లేదనిపించింది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"సిగ్గేసిందండీ."

అతని మొహం వాడిపోయింది. "పూర్తిగా ఎప్పటికి?"

"నెలాఖరుకల్లా."

"సరే, మీ ఇష్టం. పైవాళ్లకి చెప్పేస్తాను."

తన కష్టం పైదాకా తెలుస్తోందని పెద్దక్క చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

నెలాఖరు రోజు హాల్లోకి పిలిస్తే వెళ్లింది. బల్ల మీద కేకు ఉంది. పక్కన టెస్టర్ అమ్మాయి ముక్కు తుడుచుకుంటోంది.

"ఎవరమ్మా వెళ్లిపోతున్నది?" అంది పెద్దక్క.

అందరూ నవ్వారు. కేకు మీద 'వెళ్లిరండి పెద్దక్కా' అని చదివి ఆమె మేనేజర్ వైపు తిరిగింది.

"నేను మారుతున్నది ఎడిటర్ బాబూ, ఉద్యోగం కాదు!"

మేనేజర్ చేతిలోని కత్తి గాల్లోనే ఆగిపోయింది. అక్కడికక్కడే పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఆమె పోస్టు అప్పటికే ఎత్తేశారట. కొత్త ఎడిటర్ తెలిసినవాళ్లకు ట్రైనీ ఖాళీ ఒకటుంది, కావాలంటే అందులో చేరమన్నారట.

"అంతా నా మూలంగానే అక్కా" అని అతను తల దించుకున్నాడు. కేకు ఎవరూ ముట్టలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన మాత్రం ఏమీ అడగకుండా కాఫీ కలిపి తెచ్చిచ్చాడు.

ఒకటో తారీఖున పెద్దక్క కొత్తగా చేరిన పిల్లల మధ్య, చివరి కుర్చీలో కూర్చుంది. చేరేవాళ్ల వివరాలు రాసుకునే అమ్మాయి తలెత్తకుండానే అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగింది.

"ఇదే మీ మొదటి ఉద్యోగమా అండీ?"

పెద్దక్క తన కాగితం మీద వేసిన ట్రైనీ జీతం ఒకసారి చూసుకుని, అవునంది.