వరండాలో పేరెత్తకూడదు

ఆర్వెల్లా బ్యాగు సర్దుతోంది. నాలుగు గాజు సీసాలు, సీసాకొక సాలీడు, భూతద్దం, ఇరవై ఏడు రకాల సాలీళ్ళ గుర్తులు రాసుకున్న నోటుపుస్తకం. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి, డెబ్బై మూడో ఏట, ఈ ఉదయం ఊరి లైబ్రరీలో ప్రసంగించబోతోంది. సీసాల మూతలు అప్పటికి అయిదుసార్లు బిగించింది. ప్రయాణమంటే ఆమెకు ఎప్పుడూ గుండెదడే, వెళ్ళేది నాలుగు మైళ్ళే అయినా.

"నీ ప్రసంగానికి పదిమంది వచ్చారా, నీ సాలీడు జోలికి రాను. రాలేదా, మధ్యాహ్నమే మందు కొట్టించేస్తా," అంది చెల్లెలు మోజెల్.

ఆ సాలీడు వరండాలో పెద్ద గూడు కట్టుకుని కూర్చుంది, పసుపు నలుపు చారలతో. దాని చెవిన ఎవరి పేరైనా పడితే గూట్లో రాసేస్తుందనీ, ఆ మనిషి చలికాలం చూడడనీ ఆ టెనెసీ కొండల్లో పెద్దవాళ్ళ మాట. జూలై నుంచీ మోజెల్ వరండాలో ఒక్కరి పేరూ ఎత్తలేదు.

"అది ఎవర్నీ ఏం చెయ్యదే. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినాయన మన వరండాలో కూర్చున్నాడా ఏంటి?"

అక్కను తీసుకెళ్ళడానికి పక్కింటి థర్మన్, సాలీడును చూసిపోవడానికి పురుగులమందు కొట్టే హార్లన్ ఒకేసారి వచ్చారు. రెండు ట్రక్కులు, రెండు టోపీలు. మోజెల్ వరండాలోంచే బ్యాగు అందించింది. "ఏమయ్యా, ఇది నీ బండిలో పెట్టు!" అప్పటికే సాలీడును చూసేసి దగ్గరగా ఉన్న హార్లన్ అందుకున్నాడు. పెద్దావిడ బేరిపళ్ళ ఊరగాయ ఇచ్చిందనుకుని, బండెక్కి కదిలించాడు.

"ఓ టోపీ అబ్బాయ్! ఆగవయ్యా!" అని అరిచింది మోజెల్. ఇంటి వైపు నడిచొస్తున్న థర్మన్ ఆగాడు.

ఆర్వెల్లా బయటికొచ్చింది. "బ్యాగేదే?"

"అతను పట్టుకుపోయాడు."

"ఎవరే?"

మోజెల్ గూటి వైపు చూసి నోరు మూసుకుంది. అక్కను వంటింట్లోకి లాక్కెళ్ళి, తలుపేసి, అప్పుడు చెప్పింది, "హార్లన్." ఈలోగా ట్రక్కు మలుపు దాటిపోయింది.

ఆర్వెల్లా, థర్మన్ అతని బండిలో వెంటపడి, హార్లన్ రోజూ తినే హోటల్ ముందు ఆ ట్రక్కును పట్టుకున్నారు. లోపల నలభైమంది కుర్చీలెక్కి ఉన్నారు. హార్లన్ ఏకంగా గల్లాబల్ల మీదున్నాడు. ఊరగాయనుకుని మూత తీసిన సీసా పక్కన, అతని ప్లేటులోని ఆపిల్ పై ముక్క మీద, బూడిదరంగు తోడేలు సాలీడు.

"దగ్గరికి రాకండి, పెద్దమ్మా! విషప్పురుగు!"

ఆర్వెల్లాకు దడ ఎటు పోయిందో తెలియదు. "దిగవయ్యా. మన ఊళ్ళో గోధుమరంగు విషపుదానికి ఆరు కళ్ళు. దీనికి ఎనిమిది. లెక్కపెట్టుకో," అంటూ బ్యాగులోంచి భూతద్దం తీసిచ్చింది.

హార్లన్ రెండుసార్లు లెక్కపెట్టాడు. "పాతికేళ్ళుగా వీటికే మందు కొడుతున్నానే!"

"పాపం, అవి నిన్ను చూసి భయపడి ఉంటాయిలే," అంది హోటలావిడ. నవ్వులతో అందరూ దిగి వరసకట్టారు. పక్కనే లైబ్రరీలో ఎదురుచూస్తున్న ఆరుగురూ గోల విని అక్కడికే వచ్చారు. ఆర్వెల్లా రెండు గంటలు మాట్లాడింది. ఎవరూ లేచి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి, "నలభై ఆరుమంది!" అని చెల్లెలితో చెప్పింది. తర్వాత గూటి ముందు నిటారుగా నిలబడి, "ఆర్వెల్లా జూన్ స్టూక్స్‌బరీ!" అని ముమ్మారు గట్టిగా పలికింది.

"అక్కా! చచ్చావే!" అని మోజెల్ కూలబడింది.

ఆర్వెల్లాకు ఇప్పుడు ఎనభై రెండు. ఆ ఏడు అక్టోబరు పంతొమ్మిదిన, తొలి మంచు పడిన ఉదయం, గూడు విడిచి వెళ్ళిన సాలీడు మాత్రం మళ్ళీ రాలేదు.