మూడడుగులు జారిన కొండ

కొండవాలు మీది ఇనప బెంచీ రాత్రికి రాత్రే మూడడుగులు కిందికి వచ్చేసింది.

రోజూ పొద్దున్నే పంపుషెడ్డు గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి, ఆ బెంచీని వెనకున్న దీపస్తంభంతో సరిచూడటం తోటమాలి అలవాటు. రెండూ ఒకే వరసలో ఉంటే కొండ కదలనట్టే. ఇవాళ బెంచీ వీపు మాత్రం పొద చాటునుంచి తొంగిచూస్తోంది.

ఏటా వానకి మట్టి కొట్టుకుపోయే ఆ వాలంతా అతను మట్టిని పట్టి ఉంచుతుందని వట్టివేరు గడ్డి నాటాడు. "ఈసారి పిడికెడు మట్టి జారినా నీ గడ్డి పీకించి గోడ కట్టిస్తా. నువ్వూ వేరే పని చూసుకో" అని హాస్టలు వార్డెన్ అప్పుడే తేల్చేశాడు. రాత్రి వాన పడింది కూడా. నోరు మూసుకుని ఊరుకుందామనుకున్నాడు తోటమాలి. కానీ వాలు కిందే హాస్టలు వంటగది. అక్కడ వండేది అతని అత్తగారు. ఆవిడకేమైనా అయితే ఇంట్లో తనకి నిలవ నీడ ఉండదు.

"అత్తయ్యా, బయటికి రండి! కొండ మూడడుగులు జారింది!"

"పాలు పొయ్యి మీదున్నాయి అల్లుడూ! పొంగొచ్చేదాకా ఆగమను."

పొంగాక గిన్నెతో సహా వచ్చి ఆవిడ కేకలు మొదలుపెట్టింది. ఆవిడ నోట మూడడుగులు ముప్పై అయ్యాయి. కుర్రాళ్లు పరుపులతో సహా రోడ్డెక్కారు. వాచ్‌మన్ కొండ మీదింట్లో ఉండే వార్డెన్‌కి ఫోన్ కొట్టాడు.

"సార్, సగం కొండ పోయింది!"

"మా ఇల్లో?"

"మిగతా సగంలో ఉంది సార్!"

వార్డెన్ కారులోకి దూకి, వెనక్కి చూడకుండా వెనక్కి పోనిచ్చాడు. కారు నీళ్లట్యాంకు గొట్టాన్ని గుద్దింది. ట్యాంకెడు నీళ్లూ వాలు మీదికి విరుచుకుపడ్డాయి.

ఉద్యోగం పోయిందనుకుని తోటమాలి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి, నీళ్లు గడ్డి వరసల్లో నెమ్మదించి, వంటగది మెట్టు దగ్గరికి తేటగా చేరుతున్నాయి.

అత్తగారు వంగి చూసింది. "మట్టేదీ? గిన్నెలు తోముకోవచ్చు!"

వార్డెన్ రొప్పుతూ దిగివచ్చాడు. "ఎక్కడయ్యా జారింది?"

"బెంచీ మూడడుగులు దిగింది సార్. ఇంత నీటికి కదలని వాలు రాత్రి వానకెలా కదిలిందో అంతుపట్టడం లేదు."

కొండ మీదున్న తన ఇంటి కిటికీ వంక చూశాడు వార్డెన్. భార్య అక్కడే నిలబడి ఉంది. గొంతు తగ్గించాడు.

"బెంచీ నేనే లాగానయ్యా. డాక్టరు సిగరెట్లు మానమన్నాడు. పాత చోట కూర్చుంటే ఆ కిటికీలోంచి కనబడిపోతున్నా. నీ గడ్డీ ఉంటుంది, నువ్వూ ఉంటావు. మా ఆవిడ అడిగితే మాత్రం కొండే జారిందని చెప్పు."