బొట్టు పెట్టి పిలిచిన బ్లాగు

అహంకారం తగ్గాలంటే కాశీకి పోనక్కర్లేదు. బ్లాగు అడ్రసు మారిస్తే చాలు! నవ్వకండి, చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

మార్కాపురం మాధవినే తీసుకోండి. ఏళ్ల తరబడి బ్లాగు రాస్తోంది. కందిచేలు, అత్తగారి మేకలు, దోర్నాల హోటళ్లలో టీ రుచి... ఆమె రాయని సంగతంటూ లేదు. ఎక్కడ ఎదురుపడినా "నీ బ్లాగు చదువుతుంటాంలే" అనేవాళ్లే! ఆ మాటలతోనే ఆమెకు కడుపు నిండేది.

అంతలో పాత అడ్రసు గడువు తీరింది. రెన్యువల్ సంగతి మాధవి మరిచిపోయింది. ఈలోగా ఎవరో దాన్ని కొనేసుకున్నారు. చేసేదిలేక రాసినవన్నీ మూటగట్టుకుని కొత్త అడ్రసుకు మారింది. వాట్సాప్ గ్రూపులన్నిటిలో కబురు పెట్టింది. దండాల బొమ్మలు, పూలగుత్తులు బోలెడు వచ్చాయి. బ్లాగు మీద మాత్రం పిట్ట కూడా వాలలేదు.

చూశారా, ఎంత ప్రశాంతత! తిట్టేవాడు లేడు, తప్పులు పట్టేవాడు లేడు. మాధవికి మాత్రం అన్నం సయించలేదు. ఇన్నాళ్లూ తనను చదివినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా, లేరా? అదొక్కటే ఆమె దిగులు.

అత్త గురవమ్మ చూసి చూసి తేల్చేసింది. "ఫోన్లో చెప్తే ఎవురొస్తారు మాధవీ? గడప తొక్కి, బొట్టు పెట్టి పిలవాల. మన మర్యాద అది గదా!"

నిజమే కదా! కుంకుమ భరిణె పట్టుకుని మాధవి ఆటో ఎక్కింది. తర్లుపాడు, పెద్దారవీడు... చుట్టాల ఇల్లు ఒక్కటీ వదల్లేదు. "నా బ్లాగు కొత్త అడ్రసుకు మారింది, ఆదివారం తప్పకుండా చూడాల" అని అందరికీ బొట్టు పెట్టింది. తర్లుపాడులో పిన్ని రాఘవమ్మ పొంగిపోయింది.

"ఇంటికొచ్చి బొట్టు పెట్టినావు, రాకుంటే ఎట్ల?"

వచ్చారు! ఆదివారం పొద్దున్నే ఆటోల నిండా మాధవి ఇంటికే వచ్చారు. బొట్టు పెట్టించుకుని ఫోన్లో చూసి ఊరుకుంటే అదేం మర్యాద? చేతుల్లో రవిక గుడ్డలు, స్టీలు గిన్నెలు. బిత్తరపోయిన మాధవి లాప్‌టాప్ తెరిచి బ్లాగు చూపించింది. రాఘవమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు తగిలించి దణ్ణం పెట్టుకుంది. వరసగా అందరూ దణ్ణం పెట్టారు. తర్వాత వంట ఎందాకా వచ్చిందని అడిగారు. ఇంత భక్తి ఏ రచయితకు దక్కింది చెప్పండి?

ఒక్కరూ ఒక్క వాక్యం చదవలేదనుకోండి. అది వేరే సంగతి.

ఇక మిగిలింది అంకన్న మామ. "పొద్దున లేస్తానే నేను చదివేది నీ బ్లాగే" అని మొదట్నుంచీ చెప్పే పెద్దమనిషి. మాధవి ఆశంతా ఆయన మీదే. బూరెలు వడ్డిస్తూ మెల్లగా అడిగింది.

"మీరన్నా కొత్త అడ్రసులో చూడండి మామా."

"కొత్తది నాకెందుకమ్మా? పాతదే రోజూ చదువుతుండా గదా! నిజం చెప్పాలంటే ఈమధ్యే నీ రాత బాగుపడింది. ముందంతా మేకలు, కందిచేలు అని ఏందేందో రాస్తాంటివి. ఇప్పుడు ఆ మోకాళ్ల నూనె గురించి ఎంత బాగా రాసినావు! చదువుతాంటే కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. నాకో సీసా తెప్పియ్యి తల్లీ."

పాత అడ్రసు కొన్నది ఎవరో మాధవికి అప్పుడు తెలిసింది. ముందు ఏడుపొచ్చింది. దాని వెనకే నవ్వొచ్చింది. చివరికి నవ్వే గెలిచింది.

"ఆ నూనె సంగతి రాసింది నేను కాదు మామా!"

అంకన్న మామ బూరె తుంచుకుంటూ ఆలోచించాడు.

"ఎవురైతే ఏందిలే, బాగా రాసినాడు. నువ్వూ అట్ల రాసేది నేర్చుకో."

అందుకే అంటున్నాను. తనను చదివేదెవరో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. రచయితలారా, వెంటనే అడ్రసులు మార్చండి! నన్నెందుకలా చూస్తారు? నేను మార్చను. నాకు పాఠకులున్నారని గట్టి నమ్మకం. దాన్ని చేజేతులా పోగొట్టుకోమంటారా?