పండుమిర్చి రంగు స్వెట్టర్

తెల్లవారుజామున ఐదింటికల్లా ఇంట్లోంచి బయలుదేరాలన్నది ఉదయ్ భాస్కర్ పథకం. నాలుగున్నరకు లేచి, అరగంటలో ముస్తాబై, మంచు విడవకముందే బండెక్కితే ఆరున్నరకు అడవి అంచున క్యాంపులో ఉండొచ్చు. పథకంలో లోపమేమీ లేదు. ముస్తాబుకు అరగంట చాలుననుకోవడమే పొరపాటు.

దమ్మపేట దగ్గర ఓ హైస్కూల్లో అతను సైన్సు మాస్టారు. జంతువుల లెక్కింపుకు వాలంటీర్లు కావాలని అటవీశాఖ అడిగితే నలభై రెండు మంది దరఖాస్తు పెట్టారు, ఆరుగురిని ఎంచుకున్నారు. ఆ ఆరుగురిలో తానొకడినని స్టాఫ్‌రూములో మూడుసార్లు, కిరాణా కొట్లో రెండుసార్లు చెప్పాడు. క్షవరం చేయించుకుంటూ అద్దంలోకి చూసి ఇంకోసారి చెప్పాడు. శాఖవాళ్ళు ఆరు పేజీల సూచనలు పంపారు. రెండో పేజీలో చలికి ఎలాంటి బట్టలు వేసుకోవాలో ఉంది. దాన్ని మూడుసార్లు శ్రద్ధగా చదివాడు. మిగతా పేజీలు అక్కడికి వెళ్ళాక తీరిగ్గా చదువుకోవచ్చనుకున్నాడు.

"చలిని ఆపేది బట్ట కాదు పద్మా, బట్టకీ బట్టకీ మధ్య ఉండే గాలి. అందుకే పొర మీద పొర వేసుకోవాలి. ఉల్లిపాయకి ఎప్పుడన్నా చలేస్తుందా?" అన్నాడు మఫ్లర్ చుట్టుకుంటూ.

"ఉల్లిపాయ బండి నడపదు గదండీ," అంది అతని భార్య పద్మప్రియ.

అప్పటికి అతని ఒంటి మీద బనియను, థర్మల్ చొక్కా, మామూలు చొక్కా ఉన్నాయి. కింద థర్మల్ ప్యాంటు, దాని మీద ఇంకో ప్యాంటు. థర్మల్స్ ఖమ్మంలో కొన్నాడు. లద్దాఖ్‌లో సైనికులు ఇవే తొడుగుతారని, మైనస్ ఇరవైకి గ్యారంటీ అని కొట్టువాడు చెప్పాడు. ప్లస్ ముప్పైకి ఏమవుతుందో అతను చెప్పలేదు, ఇతను అడగలేదు.

అసలు సంగతి ఆ పైన వేసుకోవాల్సిన స్వెట్టర్. పద్మప్రియ నాలుగు నెలలు ఫోనులో వీడియోలు చూసి, తప్పిన కుట్లు విప్పి మళ్ళీ అల్లి పూర్తి చేసిన స్వెట్టర్ అది. ఎర్రగా, కల్లంలో ఆరబోసిన పండుమిర్చి రంగులో ఉంది. ముందువైపు రెండు పెద్ద జేబులు కూడా పెట్టింది. అంతకుముందు ఆమె మొదలుపెట్టిన కుట్టుమిషను జాకెట్టు చేతుల దగ్గర ఆగిపోయింది, హిందీ పదిహేనో పాఠం దగ్గర ఆగిపోయింది, మేడ మీద తోట పుదీనా దగ్గర ఆగిపోయింది. ఈ జాబితాను ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ వరుస తప్పకుండా అప్పజెప్పడం అత్తగారు భారతమ్మకు అలవాటు. అందుకే ఈ స్వెట్టర్ పూర్తయిన రోజు పద్మప్రియ దాన్ని కుర్చీకి తొడిగి సాయంత్రం దాకా చూసుకుంది.

భారతమ్మ రెండు చేతులతో స్వెట్టర్ ఎత్తి పట్టుకుంది. "ఎవరి కొలత తీసుకున్నావమ్మాయ్? ఇది మావాడిది కాదు. ఇందులో మావాడూ పడతాడు, ఇంకొకడూ పడతాడు."

"ఉతికితే దగ్గరికొస్తుంది అత్తయ్యా," అని పద్మప్రియ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, సాయంత్రం దాకా ఒంటి మీద నుంచి తీయకండి. ఎండ రాగానే ఒక ఫొటో, ఇంటికి బయల్దేరేటప్పుడు ఒక ఫొటో పంపాలి. నేను ఒక్కటన్నా పూర్తి చేశానని అందరికీ తెలియాలి."

"నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆ క్షణంలో నిజంగానే అన్నాడు.

అడవిలో కొట్టొచ్చే రంగులు కనబడకూడదని రెండో పేజీలో ఉంది కాబట్టి ఎరుపు దాచడానికి స్వెట్టర్ మీద ఖాకీ జాకెట్ వేశాడు. ఆపైన మఫ్లర్, మంకీ క్యాపు, గ్లౌజులు. భారతమ్మ ఒంటికి వేడి చేస్తాయని బెల్లం పాకంలో చుట్టిన నువ్వుండలు పన్నెండు తెచ్చి, జాకెట్ గుండీలు విప్పించి మరీ స్వెట్టర్ జేబుల్లో కుక్కింది. సంచిలో ఫ్లాస్కు, టిఫిను డబ్బా, నీళ్ళ సీసాలు, ఫారాలు సర్దేసరికి అందులో చేతిరుమాలు పట్టే చోటు కూడా మిగల్లేదు. చివరికి బండి మీదికి కాలు లేవకపోతే, ఆ కాలును పద్మప్రియ రెండు చేతులతో ఎత్తి అవతలికి వేసింది.

క్యాంపు ఒక అడవి ఊరి బడి వరండాలో పెట్టారు. బీట్ ఆఫీసర్ నాగలక్ష్మి పాతికేళ్ళ పిల్ల. యూనిఫాం మీద పలచటి స్వెట్టర్ ఒకటే వేసుకుంది. ఉదయ్ భాస్కర్‌కు దారి చూపడానికి ఆ ఊరి జంపయ్యను అప్పగించింది. జంపయ్యకు యాభై దాటి ఉంటాయి. పంచె, నూలు చొక్కా, తలకు చుట్టుకున్న తువ్వాలు, అంతే. అతన్ని చూసి మాస్టారికి జాలేసింది.

"జంపన్నా, నీకు చలి పెట్టట్లేదా?"

"పెడుతది సారూ. నడిస్తే పోతది."

ఉదయ్ భాస్కర్ గాలి పొరల సిద్ధాంతం మొత్తం వివరించాడు. జంపయ్య ఉల్లిపాయ దాకా ఓపిగ్గా విని, "అవ్ సారూ," అన్నాడు. ఎండ పొడ తగలగానే మాస్టారు జాకెట్ విప్పి, స్వెట్టర్ కనబడేలా ఛాతీ విరిచి ఫొటో దిగి ఇంటికి పంపి, జాకెట్ మళ్ళీ తొడిగాడు. ఆ తర్వాత అడవిలో సిగ్నల్ లేదు.

నడుస్తుంటే జంపయ్య తన గోడు చెప్పుకున్నాడు. "ముందల రేగు పొదల కాడికి గుడ్డెలుగు వస్తది సారూ. రెండేండ్ల సంది చెప్తున్న. మా ఆడామె నాగక్క గూడ చూసింది. ఆఫీసోళ్ళు నమ్మరు. మూడుపార్లు లెక్కలు తీసిండ్రు, మూడుపార్లు ఎలుగు లేదనే రాసిండ్రు. మేం అబద్ధాలు చెప్తున్నమని ఊరంత నవ్వుతున్నరు."

"నేనొచ్చాను కదా," అన్నాడు ఉదయ్ భాస్కర్. "కనబడితే రాసే పూచీ నాది."

ఎనిమిదయ్యేసరికి మంచు విడిచింది. తొమ్మిదికి మంకీ క్యాపులోంచి చెమట ముక్కు మీదుగా ఫారాల మీదికి కారి, నెమళ్ళ గడిలో అంకె చెరిగిపోయింది. మాస్టారు గ్లౌజులు తీసి ఒక కొమ్మకు తగిలించాడు. తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చు, దారి ఇదే కదా. కాసేపటికి మఫ్లర్ ఇంకో కొమ్మకు, క్యాపు మరో కొమ్మకు ఎక్కాయి. తొమ్మిదిన్నరకు జంపయ్యను అటు తిరగమని, పొద చాటుకెళ్ళి థర్మల్ ప్యాంటుతో పది నిమిషాలు పెనుగులాడి, దాన్ని రెండు కాళ్ళూ బార్లా చాపి ఆరేశాడు. పది గంటలకు జాకెట్ విప్పక తప్పలేదు. విప్పగానే ఎరుపు బయటపడింది, ఎదురుగా ఉన్న చుక్కల దుప్పులు మూడూ లెక్కకు అందకుండా పరుగెత్తాయి.

"సారూ, గా ఎర్రది ఉంటే ఇయ్యాల మనకు కాకి గూడ దొరకది," అన్నాడు జంపయ్య మెల్లగా.

ఇచ్చిన మాట గుర్తుంది. నిజం చెప్పాలంటే అతను మరో అరగంట ఓర్చుకున్నాడు. కళ్ళు బైర్లు కమ్మి, పక్కనున్న చెదపుట్టను అడవిపందిగా రాయబోయినప్పుడు జంపయ్యే స్వెట్టర్ పట్టుకుని లాగేశాడు. దాని కింద తడిసిపోయిన చొక్కాలు రెండూ కొమ్మలకెక్కాయి. స్వెట్టర్‌ను మాత్రం మాస్టారు అలా వేలాడదీయలేదు. నాలుగు మడతలు పెట్టి, రేగు పొదల పక్కన ఒక చెట్టు పంగలో పెట్టాడు. మాట పూర్తిగా తప్పలేదనిపించింది. జేబుల్లో నువ్వుండల సంగతి ఆ వేడిలో గుర్తు రాలేదు.

ఒంటిగంటకు లెక్కింపు కోసం నడవాల్సిన దారి, శాఖవాళ్ళ భాషలో లైను, పూర్తయింది. బనియనుతో నిలబడి ఉదయ్ భాస్కర్ వెనక్కి తిరిగాడు.

"గిటు కాదు సారూ," అన్నాడు జంపయ్య. "పోయిన తొవ్వల మల్ల రావద్దు. వస్తే లెక్క కొట్టేస్తరు. వాగు దిక్కు నుంచి సుట్టు తిరిగి పోవాలె. గా కాయితంలనే ఉన్నదట గద."

ఉంది. నాలుగో పేజీలో ఉంది. తొందరలేదనుకున్న పేజీని ఉదయ్ భాస్కర్ అప్పుడు చదివాడు. ఒకవైపు స్వెట్టర్, మరోవైపు నలభై రెండు మందిలోంచి ఎంచుకున్న గౌరవం. రేపు పొద్దున్నే వచ్చి తెచ్చుకుంటే సరిపోతుందని తనకు తాను నచ్చజెప్పుకుని వాగు దారి పట్టాడు.

వాళ్ళు అటు వెళ్ళిన అరగంటకు, పూర్తయిన లైనును తనిఖీ చేయడానికి నాగలక్ష్మి క్యాంపు వైపు నుంచి వచ్చింది. మొదట గ్లౌజులు కనబడ్డాయి. మాస్టారు మరిచిపోయాడనుకుంది. మఫ్లర్, క్యాపు దొరికాక అనుమానం వచ్చింది. కాళ్ళు బార్లా చాపిన థర్మల్ ప్యాంటు చూశాక నడక వేగం పెంచింది. రేగు పొదల దగ్గర ఎర్ర స్వెట్టర్ నేల మీద పడి ఉంది. ఒక చెయ్యి చిరిగి వేలాడుతోంది, జేబులు రెండూ లేవు.

ఆమె వైర్‌లెస్‌లో క్యాంపుకు చెప్పింది ఒక్క మాటే. "సారు బట్టలు దొరికినయ్. సారు కనబడ్తలేడు."

క్యాంపులో వైర్‌లెస్ చూసుకునే గార్డు కోటేష్‌కు సిగ్నల్ వచ్చే మూల ఏదో తెలుసు. నాగలక్ష్మి వస్తువులన్నీ మోసుకు రాగానే ఫొటోలు తీసి వాలంటీర్ల గ్రూపులో పెట్టాడు. అక్కడ నుంచి అవి స్కూలు గ్రూపులోకి వెళ్ళేసరికి మాస్టారిని ఎలుగుబంటి ఎత్తుకుపోయింది. రెండు నిమిషాలు మౌనం పాటించాలా, లేక కబురు రూఢి అయ్యేదాకా ఆగాలా అని హెడ్మాస్టరు గ్రూపులోనే సలహా అడిగాడు. పద్మప్రియ ఫోనులో అన్నిటికంటే ముందు కనబడింది స్వెట్టర్ ఫొటో. భారతమ్మ రగ్గు ఒకటి చంకన పెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

పొద్దు వాలే వేళకు ఉదయ్ భాస్కర్ వాగు వైపు నుంచి ఊళ్ళోకి వచ్చాడు. ఒంటి మీద బనియను, భుజాల మీద జంపయ్య తువ్వాలు ఉన్నాయి. బడి ముందు ఊరంతా గుమిగూడి ఉండటం చూసి అతని గుండె ఉప్పొంగింది. మొదటిసారి లైను నడిచినవాళ్ళకు ఇలా స్వాగతం చెప్పే ఆనవాయితీ ఉందేమోననుకుని చెయ్యెత్తి ఊపాడు. ఎవరూ తిరిగి ఊపలేదు.

భారతమ్మ వచ్చి చెంపలు తడిమి, చేతులు లెక్కపెట్టుకుని, రగ్గు కప్పింది. "బతికే ఉన్నావురా," అని ఏడ్చింది. పద్మప్రియ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఆమె కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

ఆ చూపును మాస్టారు మరోలా అర్థం చేసుకున్నాడు. "స్వెట్టర్‌కేం కాలేదు పద్మా. మడతపెట్టి భద్రంగా చెట్టు మీద పెట్టాను. చీమ కూడా ముట్టుకోదు."

వరండాలో బల్ల మీద బట్టలన్నీ వరుసగా పరిచి ఉన్నాయి. కోటేష్ తాను రాసిన జాబితా చదివాడు. "ఎనిమిది. ఎర్ర స్వెట్టర్, ఒకటి. ఎడమ చెయ్యి చిరిగింది. జేబులు లేవు."

పద్మప్రియ దాన్ని చేత్తో నిమిరింది. "ఇదొక్కటే పూర్తి చేశానండీ," అంది. ఆ మాటకు ఉదయ్ భాస్కర్ తల ఎత్తలేకపోయాడు. భారతమ్మ ముందుకొచ్చి, చిరిగిన స్వెట్టర్ చెయ్యిని సర్ది పెట్టింది. మాస్టారికి ఒళ్ళంతా కప్పుకుని ఉన్నా ఆ రోజులో మొదటిసారి చలేసింది.

అప్పటిదాకా వెనక నిలబడ్డ జంపయ్య ముందుకొచ్చి స్వెట్టర్ మీదికి వంగాడు. చిరిగిన చెయ్యి దగ్గర, భుజం దగ్గర, వీపు మీద వేలితో మెల్లగా వెతికాడు.

"మేడం, గిటు రాండ్రి. గిది చూడండ్రి."

ఉన్ని కుట్ల మధ్య నల్లటి మొరటు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. రెండో మూడో కాదు, గుప్పెడు. పద్మప్రియ తెలియక వేసిన ముడులు, వదులుగా వదిలేసిన కుట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడల్లా ఉన్నాయి. చుట్టూ నువ్వుగింజలు, పాకం జిగురు. కొట్లో కొన్న నున్నటి స్వెట్టర్ అయితే ఒక్క వెంట్రుక కూడా ఆగేది కాదు.

"గుడ్డెలుగు బొచ్చు," అన్నాడు జంపయ్య. "రెండేండ్ల సంది చెప్తున్న."

నాగలక్ష్మి వంగి చూసింది. బల్ల మీది మొదటి నంబరు వస్తువు, అంటే మాస్టారి గ్లౌజులు తొడుక్కుని, స్వెట్టర్‌ను కాగితంలో చుట్టి కవర్లో పెట్టి సీలు వేసింది. "గీ బీట్ల ఎలుగు ఉన్నట్టు ఇదే మొదటి సాక్ష్యం. హైదరాబాదు ల్యాబుకు పంపాలె, మల్ల వాపసు రాదు. ఎవరు అల్లిండ్రు ఇది?"

"నేనే," అంది పద్మప్రియ, కళ్ళు తుడుచుకుని.

"మా కోడలే," అంది భారతమ్మ, ఇంకా గట్టిగా. "పేరు పూర్తిగా రాయండి. నువ్వుండలు నావి, అదీ రాయండి. భారతమ్మ."

సీలు వేసిన కవరు పట్టుకుని నాగలక్ష్మి మధ్యలో, చెరోవైపు అత్తాకోడళ్ళు, చివరన ఛాతీ విరిచి జంపయ్య నిలబడ్డారు. ఇంటికి బయల్దేరే ముందు తీయాల్సిన రెండో ఫొటోను ఉదయ్ భాస్కరే రగ్గులోంచి చెయ్యి బయటికి తీసి తీశాడు.

నెల తర్వాత కాగితం వచ్చింది. అవి ఎలుగుబంటి వెంట్రుకలేనని ల్యాబువాళ్ళు తేల్చారు. జంపయ్య ఊరి రేగు పొదల దగ్గర ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక బోర్డు వెలిసింది. దాని పక్కన నిలబడి జంపయ్య భార్య నాగక్క, తనను చూసి నవ్వినవాళ్ళందరినీ పేరు పేరునా పిలిచి చూపించింది. నివేదికలో పద్మప్రియ పేరు ఉంది, భారతమ్మ పేరు ఉంది. ఉదయ్ భాస్కర్ పేరు ఎదురుగా, నేరుగా చూసిన జంతువులు అన్న గడిలో సున్నా ఉంది. అయినా ఆ కాగితం నకలు స్టాఫ్‌రూము గోడకు అతికించి, స్వెట్టర్‌ను సరిగ్గా ఆ చెట్టు మీదే పెట్టాలన్న ఆలోచన ఎవరిదో వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు.

భారతమ్మ ఇప్పటికీ చుట్టాలకు జాబితా అప్పజెబుతుంది. జాకెట్టు, హిందీ, పుదీనా అయ్యాక ఆగి, స్వెట్టర్ మాత్రం గవర్నమెంటు తీసుకుందని, కోడలి భుజం మీద చెయ్యి వేసి చెబుతుంది. పద్మప్రియ రెండో స్వెట్టర్ మొదలుపెట్టింది, అది కూడా పెద్దదిగానే వస్తోంది.

"కొలత సంగతి నేను మొదటే చెప్పాను," అంటుంది భారతమ్మ, "అది మావాడిది కాదని."