మూడు కొటేషన్లు లేనిదే గుండె తీసుకోం!

చుట్టాల కమిటీ లేనివాడికి అసలు జబ్బే చేయకూడదు! ఇది నా స్థిరాభిప్రాయం. అందరూ చుట్టాల సలహాలంటే విసుక్కుంటారు. నేను మాత్రం అది పూర్వజన్మ సుకృతమంటాను. ఎందుకంటారా? చెబుతాను, కాస్త ఆగండి, ఆయాసం వస్తోంది.

నా గుండె పంపింగు ఇరవై శాతం. మిగతా ఎనభై శాతం ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. విశాఖపట్నం డాక్టరుగారు రిపోర్టులు చూసి, "మందులతో లాభం లేదు, గుండె మార్చాల్సిందే" అన్నారు. రాయగడలో మా ఇంటి వీధి గదిలో మంచం మీద కూర్చుని, రెండు వాక్యాలకోసారి సేదదీరుతూ ఇది రాస్తున్నాను. పేరాలు పొట్టిగా ఉన్నాయంటే శైలి అనుకునేరు, ఊపిరి అంతవరకే అందుతోంది!

మాది ఫైళ్ల వంశం. మా తాతగారు సంస్థానంలో సిరస్తాదారు. నాన్నగారు తాలూకాఫీసు. మా బావమరిది మన్మథరావు ఆడిట్లో రిటైరయ్యాడు. తమ్ముడు మాధవ్ లమ్తపుట్ బ్లాకాఫీసులో ఉన్నాడు. మా ఇంట్లో గరిటె కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన రాసి, నలుగురూ సంతకం పెట్టాలి. అలాంటి ఇంట్లోకి కొత్త గుండె ఊరికే వచ్చేస్తుందా?

కమిటీ వేశాం. అధ్యక్షుణ్ణి నేను. సభ్యులు మన్మథరావు, మాధవ్, మా సత్యభామ పిన్ని. నా భార్య విశాలాక్షికి కాఫీల శాఖ ఇచ్చాం.

పాపం డాక్టర్లు! గుండెను ఎంచడానికి వాళ్ల దగ్గర ఉన్నవి నాలుగైదు ప్రశ్నలే. బ్లడ్ గ్రూపు కలిసిందా, సైజు సరిపోతుందా, దాత వయసెంత, గుండె బాగా కొట్టుకుంటోందా, నాలుగు గంటల్లోపు చేరుతుందా. అంతే! ఎంబీబీఎస్ మీద ఇన్నేళ్లు చదివి నాలుగైదు ప్రశ్నలా? మా కమిటీ ఒక్క పూటలో పద్దెనిమిది తయారుచేసింది!

దాత శాకాహారా? కోపిష్ఠా? జన్మనక్షత్రం ఏది? ఒడియానా, తెలుగా? అప్పడం నమిలేటప్పుడు చప్పుడు చేసేవాడా? (ఇది పిన్ని ప్రశ్న. మా బాబాయి చేసేవాడు.) పంతొమ్మిదోది నేను చేర్చాను: దాతకు పత్రికలు చదివే అలవాటుందా? నా కాలమ్ ఒక్కటి కూడా చదవనివాడి గుండె పెట్టుకుని నేనెలా రాస్తానండీ?

ఆస్పత్రిలో అవయవదానం పనులు చూసే సుధ అనే అమ్మాయి, "సార్, ఎప్పుడు పిలుపొస్తుందో తెలీదు. విశాఖలోనే గది తీసుకుని ఉండండి" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. కమిటీ రెండు గదులు పరిశీలించి, రెండూ తూర్పు ముఖం కావని తిప్పికొట్టింది. మూడోది నేటికీ పరిశీలనలోనే ఉంది.

మార్గశిరంలో ఒక గురువారం, పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ మోగింది. సుధే! "సార్, మీకు సరిపోయే గుండె ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు. యాక్సిడెంటు. మధ్యాహ్నం మూడింటికల్లా మీరు ఇక్కడుండాలి" అంది. మాకు కారులో ఐదు గంటల దారి. లెక్క ప్రకారం పదింటికి బయల్దేరాలి. విశాలాక్షి అప్పటికే సంచీ సర్ది గుమ్మంలో నిలబడింది. ఆడవాళ్లకు తొందరెక్కువ!

పిన్ని ఫోన్ లాక్కుంది. "ఆళ్లింటి పేరు ఏటమ్మీ?"

"అది చెప్పకూడదండీ."

"ఇంటిపేరు సెప్పని సంబంధం, అదేం సంబంధమమ్మీ?"

తర్వాత మన్మథరావు. మా ఇంట్లోనే బస కనుక కమిటీకి ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు. "ఒకటే గుండె సూపించి ఒప్పుకోమంటే ఎలాగమ్మా? సింగిల్ టెండర్ అయిపోదూ? రేపు ఎవరైనా అడిగితే ఏటి సెప్పాలి? ఇంకో రెండు పంపించు, మూడూ పక్కపక్కన పెట్టి సూసుకుంటాం" అన్నాడు.

"సార్, ఉన్నది ఒకటే. నిన్నటి దాకా దాన్ని ఒకాయన వాడుకుంటున్నాడు" అంది సుధ.

ఈ కాలం పిల్లలకు ఆఫీసు పద్ధతి తెలీదు. మేం క్షమించేశాం.

ఇక కోరం సంగతి. మాధవ్ లేనిదే తీర్మానం చెల్లదు. వాడేమో ఆ రోజు లమ్తపుట్ దాటి ఏదో ఊళ్లో ఉన్నాడు. అక్కడ సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. వాడు కొండెక్కేసరికి పదీ ఇరవై. "ఏటన్నయ్యా, ఏటైంది?" అన్నాడు. పంతొమ్మిది ప్రశ్నలూ చదివి వినిపించాం. పన్నెండోదాన్లో సవరణ ప్రతిపాదించాడు. గుమ్మంలోంచి విశాలాక్షి, "ఎల్దాం లెండి" అంది. సభ్యురాలు కాదు గనక ఆ మాటను మినిట్సులో ఎక్కించలేదు. నేను కూడా ఎక్కించమనలేదు.

పదకొండుకు తీర్మానం నెగ్గింది: "మరి రెండు గుండెల వివరాలు తెప్పించి, తులనాత్మక పట్టికతో ఫైలు మరల సమర్పించవలెను." నలుగురి తరఫునా నేనే ఫోన్ చేసి చదివాను. సుధ, "సరే సార్" అంది. మినిట్సు కాపీ కావాలా అని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది.

చూశారా! కమిటీ లేకపోతే ఆ వేళ తొందరపడి బతికిపోయేవాణ్ణి!

ఆర్నెల్లు గడిచాయి. మరో పిలుపు రాలేదు. పంపింగు పదిహేనుకు దిగింది. ఫైలు మాత్రం చక్కగా లావెక్కింది.

మొన్న ఎండ వేళ ఒకతను మూతికి గుడ్డ కట్టుకుని, భుజాన పనసకాయ పెట్టుకుని, మా మెట్లు మూడూ చకచకా ఎక్కి వచ్చాడు. పేరు బాపి. టికిరి నుంచి రాయగడకు జీపు నడిపేవాడు. ఇంతకుముందు ఆస్పత్రిలో ఒకే బెంచీ మీద, ఒకే ఆయాసంతో కూర్చునేవాళ్లం. డాక్టరు ఉండమన్న రోజునే విశాఖలో మరదలింట్లో దిగిపోయాడు. ఆ ఇంటి ముఖం ఎటో కూడా చూడలేదట!

"నాకు మార్గశిరంలో ఆపరేసను అయిపోయింది బాబూ. గురువారం. పదకొండు దాటేక ఫోన్ సేసేరు" అన్నాడు.

ఎవరి గుండె ఎవరికి వెళ్లిందో ఆస్పత్రివాళ్లు చెప్పరు. చెప్పక్కర్లేకపోయింది. కమిటీ మొత్తం అతని చొక్కా రెండో గుండీ వైపు చూసింది.

మన్మథరావు గొంతు సవరించుకుని, "మరి నువ్వేటడిగేవు వాళ్లని?" అన్నాడు.

"ఏటడుగుతాను బాబూ? వొచ్చేస్తన్నాననీసేను. ఆ పోయిన కుర్రోడి అమ్మ కాడ ఎవలైనా ఉన్నారా, ఒక్కర్తే ఉందా అనడిగేను. అంతే."

మా పంతొమ్మిది ప్రశ్నల్లో అది లేదు. ఇరవై తొమ్మిదేళ్ల కొడుకు పోయిన తల్లి ఒకామె, ఆ పూట ఏ ఆస్పత్రి వరండాలోనో కూర్చుని, ఏడుస్తూ, మాకోసం సంతకం పెట్టింది. మేం ఆమె కొడుకు అప్పడం ఎలా తిన్నాడని అడిగాం. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

బాపి వెళ్లాక విశాలాక్షి నా ఫోన్ తీసుకుని తన నడుముకి దోపుకుంది. మంగళవారం విశాఖ వెళుతున్నాం. గది పడమటి ముఖం. కమిటీకి తెలియపరచలేదు.

ఇంకో మాట. సుధ ఎప్పుడో మా ఇంటిల్లిపాదికీ అవయవదానం ఫారాలు పంపింది. కమిటీ వాటిని సర్క్యులర్లనుకుని, ఒక్కోదాని మీద "చూశాను" అని పొట్టి సంతకం చేసి, ఫైల్లో కుట్టేసింది. పుచ్చుకోవడానికి పంతొమ్మిది ప్రశ్నలు వేసినవాళ్లం, ఇవ్వడానికి ఒక్క గడి కూడా నింపలేదు!

కుట్టకుండా మిగిలిపోయిన రెండు ఫారాల్లో ఒకటి నిన్న నేను నింపాను. నా గుండె ఎవరికీ పనికిరాదు, కళ్లు పనికొస్తాయట. సాక్షి సంతకానికి విశాలాక్షిని పిలిచాను. తడిచేతులు తుడుచుకుని సంతకం పెట్టింది. తర్వాత రెండో ఫారం తీసుకుని, తన పేరు రాసి, గుండెతో సహా అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టింది. ఎవరికిస్తారని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.