డాక్టరుగారి రెండో కేబుల్

ఆ రోజు పొద్దున్నే పళ్ళ డాక్టరుగారు క్లినిక్కుకి సెలవు పెట్టి, ఇంట్లో నెట్‌వర్కుకి ఆపరేషను మొదలుపెట్టారు. ఆయనకి పళ్ళు బతుకుతెరువు, కేబుళ్ళు ప్రాణం. పైగా అది మామూలు రోజు కాదు. ఆయన భార్య లెక్కల టీచరు. ఏడాదిగా ఓ స్కూల్లో ఎవరు సెలవు పెడితే వాళ్ళ బదులు క్లాసులు చెబుతోంది. ఆ రోజు పదింటికి ఆవిడ ఇంటినుంచి చెప్పే ఆన్‌లైన్ క్లాసుని హెడ్మిస్ట్రెస్ స్వయంగా చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఖాయం.

"నీ క్లాసు మధ్యలో ఆగిందంటే నా పేరు మార్చుకుంటా," అన్నారు డాక్టరుగారు.

"ఇప్పటిదాకా ఎప్పుడూ ఆగలేదు కదండీ. ఉన్నదాన్ని ఉండనివ్వండి."

"అదేనోయ్ నీ అమాయకత్వం! ఒక్క కేబుల్ మీద బతకడమంటే ఒక పక్క దవడతోనే నమలడం. రెండు కేబుళ్ళు కలిపి ఒకే దారి చేశామనుకో, వేగానికి వేగం, ధీమాకి ధీమా. ఒకటి ఊడినా రెండోది మోస్తుంది. లింక్ అగ్రిగేషన్ అంటారు దీన్ని!"

ఇందుకోసం నెట్‌ని గదులకి పంచే డబ్బాలు రెండు, మేనేజ్డ్ స్విచ్‌లు, అంటే చెప్పింది వినే స్విచ్‌లు, కొనుక్కొచ్చారు. ఒకటి హాల్లో టీవీ దగ్గర పెట్టారు, రెండోది ఆవిడ క్లాసు చెప్పే పడగ్గదిలో. పాత కేబుల్ గోడలోనుంచి బుద్ధిగా వెళ్తోంది. కొత్తదాన్ని హాలు మధ్యనుంచి నేలమీద పరిచారు.

"ఎవరైనా కాలు తగిలి పడతారేమో బాబూ," అన్నారు సోఫాలో కూర్చుని టీవీలో నెట్ మీద సీరియల్ చూస్తున్న అత్తగారు.

"తాత్కాలికమే అత్తయ్యగారూ."

చెప్పింది వినే స్విచ్‌లే, కానీ చెప్పాలి కదా. ఈ రెండు కేబుళ్ళూ ఒక జంట అని ముందు రెండు స్విచ్‌లకీ చెప్పి, తరువాత గుచ్చాలి. డాక్టరుగారు ముందు గుచ్చేసి, చెప్పడం భోజనాల తరువాతకి వాయిదా వేసుకున్నారు. చెప్పకపోతే ఒక కేబుల్ మీద వెళ్ళిన కబురు రెండోదానిమీద తిరిగొస్తుంది. వచ్చింది కొత్త కబురనుకుని స్విచ్ మళ్ళీ పంపుతుంది. అలా గానుగెద్దులా తిరిగే పాత కబుర్లతో దారంతా నిండిపోయి, కొత్తదానికి చోటుండదు. అలా జరక్కుండా కాపలా కాసే ఏర్పాటొకటి స్విచ్‌లలోనే ఉంది. వేగానికి అడ్డమని దాన్ని కూడా ఆయనే ఆపేశారు.

కేబుల్ గుచ్చగానే స్విచ్‌ల మీద పచ్చ దీపాలు పూనకం వచ్చినట్టు మిణుకుమిణుకుమన్నాయి. డాక్టరుగారి ఛాతీ రెండింతలైంది. "చూశారా దాని హుషారు! పాతది ఎప్పుడైనా ఇలా వెలిగిందా?"

"బాబూ, ఈ అమ్మాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది," అన్నారు అత్తగారు, టీవీలో కదలకుండా నిలిచిపోయిన సీరియల్ కోడలిని చూపిస్తూ.

డాక్టరుగారు దగ్గరికెళ్ళి చూశారు. "పై వరసలో ఒకటి పుచ్చింది."

"ఏమండీ, నెట్ లేదు!" పడగ్గదిలోంచి కేక.

"అసాధ్యం. దీపాలు చూడు!" అని, ఆయన ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళారు. ఆ ఇంట్లో సెల్ సిగ్నలు దొరికేది అక్కడ, అదీ మాటవరసకే.

"మీ లైను బాగానే ఉంది సార్," అన్నాడు నెట్ కంపెనీ అతను.

"అక్కడ కూర్చుంటే నీకేం కనిపిస్తుందయ్యా? నా దీపాలు చూసి మాట్లాడు!"

ఫోను పెట్టేసి, తప్పు కంపెనీదేనని తీర్మానించి, డాక్టరుగారు వరండాలో నిలబడి ఎలుగెత్తి చాటారు. "అందరూ వినండి! కంపెనీ లైను పోయింది! రౌటర్లు కట్టేసి అరగంట ముట్టుకోకండి!"

అప్పటికే ఆయన భార్య ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కింటి లాయరుగారింటికి చేరింది. అక్కడ నెట్ చక్కగా ఉంది. తెరమీద హెడ్మిస్ట్రెస్ "మొదలుపెట్టండమ్మా" అన్నారు. ఈవిడ నోరు తెరిచింది. తెర ఆగిపోయింది.

"ఎవరండీ ఆపింది?"

"నేనేనమ్మా. డాక్టరుగారు కట్టేయమన్నారుగా," అన్నాడు లాయరు వినయంగా. జ్ఞానదంతం నొప్పి తెలియకుండా పీకిన రోజునుంచీ ఆయనకి డాక్టరుగారి మాట వేదం.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆవిడ ఇంట్లోకి వచ్చిన వేగానికి కర్టెన్లు ఎగిరాయి. "ఏమండీ!" అంటూ హాలు దాటబోయింది. కేబుల్ కాలికి చుట్టుకుంది. ఆవిడ సోఫా పట్టుకుని నిలదొక్కుకుంది గానీ కేబుల్ పుటుక్కున ఊడొచ్చింది. స్విచ్‌ల దీపాలు ఒక్కసారిగా నెమ్మదించాయి.

"అయ్యయ్యో, ప్రాణం పోయింది!" అంటూ డాక్టరుగారు కేబుల్ అందుకుని గుచ్చబోయారు.

"ఆగండి బాబూ! కోడలు నోరు మూసింది!" అన్నారు అత్తగారు. సీరియల్ నడుస్తోంది. ల్యాప్‌టాప్‌లోంచి "వినిపిస్తోందా అమ్మా?" అన్న హెడ్మిస్ట్రెస్ గొంతు వచ్చింది.

"అది గుచ్చారంటే చూడండి!" అని మొగుడికి చెప్పి, ఆవిడ గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

డాక్టరుగారు కేబుల్ చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయారు. లోపల ఆవిడ భిన్నాలు చెబుతోంది. వణుకు లేదు, తొందర లేదు. రొట్టె విరిచి చేతిలో పెట్టినట్టు చెబుతోంది. ఎవరో పిల్ల తప్పు చెబితే కసురుకోకుండా, ఆ తప్పులోనుంచే ఒప్పుకి తీసుకొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ పాఠం ఒక్కటీ వినలేదు. కళ్ళు చెమర్చాయి. ఈవిడ నా భార్య అనుకుంటే, ఏ దీపాలు చూసినప్పుడూ కలగని గర్వం కలిగింది. చివర్లో హెడ్మిస్ట్రెస్ "సోమవారం నుంచి వచ్చేయండమ్మా, మీరు మాకు కావాలి," అనడం విని, ఆయన ఒక్క గంతేసి అత్తగారి కాళ్ళకి దండం పెట్టారు.

రౌటరు మళ్ళీ పెట్టుకోవచ్చా అని అడగడానికి లాయరు వచ్చాడు.

"పెట్టుకోండి. మా ఆవిడకి ఉద్యోగం ఖాయమైంది, తెలుసా? ఏం చెప్పిందండీ పాఠం! నేను చెవులారా విన్నాను!" అన్నారు డాక్టరుగారు. తరువాత గొంతు తగ్గించి, "ఒక కేబుల్ ఊడినా క్లాసు ఆగలేదు, గమనించారా? అందుకే రెండు వేశాను."

రెండో కేబుల్ ఇప్పుడు బాల్కనీలో ఉంది, దాని మీద బట్టలు ఏ ఆటంకమూ లేకుండా ఆరుతున్నాయి.