జనాభా ఆగిన ఊరు

వచ్చే ఒకటో తారీఖు నుంచి మా పట్నంలో జనాభా పెరగడం ఆగిపోతుందని మంత్రిగారు ప్రకటించారు. అంత పెద్ద పనిని ఒక్క సంతకంతో తేల్చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. సంతకం ఆయనది, అమలు మాది. నేను జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాను.

మా ఆఫీసరుగారు మేధావి. ఏ రోజు ఎన్ని మరణాలు నమోదైతే ఆ రోజు అన్ని జననాలే రాయమన్నారు. మిగతా పిల్లలకు టోకెన్లు ఇచ్చాం. టోకెన్లు పట్టుకున్న తండ్రులు పొద్దున్నే వచ్చి, ఇవాళ ఎవరైనా పోయారా అని మర్యాదగా అడిగి వెళ్లేవారు.

మొదటి నెలలోనే ఒకనాడు బట్టలు కుట్టే ఆవిడ కవల మగపిల్లల్ని చెరో చంకనా వేసుకుని వచ్చింది. ఆ రోజు పోయినవారు ఒక్కరే. పెద్దవాడిని రాసి చిన్నవాడికి టోకెన్ ఇవ్వమన్నారు ఆఫీసరుగారు.

"ఇద్దరికీ ఆరు నిమిషాలే తేడా సార్. వీడూ కళ్ల ముందే ఉన్నాడు కదా" అందావిడ.

"కళ్ల ముందు ఉండేది జనం అమ్మా. జనాభా అంటే రిజిస్టరులో ఉండేది" అన్నారు ఆఫీసరుగారు.

పెద్దవాడికి టీకాలు వేశారు. చిన్నవాడు లెక్కలో లేడు కాబట్టి వాడికి జబ్బులు రావన్నారు. ఒకడికిచ్చిన పాలపొడినే ఆవిడ పల్చగా కలిపి ఇద్దరికీ పట్టేది. ప్రతి సోమవారం వచ్చి మా గుమ్మంలో నిలబడేది. చిన్నవాడికి జ్వరం తగిలిన వారం మాత్రం రాలేదు. ఆ వారం మరణాల పేజీ తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

మూడేళ్లపాటు జనాభా ఒక్క తల కూడా పెరగలేదు. మంత్రిగారికి శాలువాలు పెట్టుకోవడానికి రెండో బీరువా కొన్నారు. ఇంతలో, జనాభా పెరగని నియోజకవర్గాలను పక్కవాటిలో కలిపేస్తారని కబురొచ్చింది. జాబితాలో మొదటి పేరు మంత్రిగారి నియోజకవర్గమైన మా పట్నానిదే.

ఆయన స్వయంగా మా ఆఫీసుకు వచ్చి టోకెన్లు ఎన్నున్నాయని అడిగారు. పదకొండు వేల నాలుగు వందలన్నాను.

"సాయంత్రానికల్లా అందర్నీ పుట్టించండి."

పుట్టించాం. రూలు ప్రకారం రాసిన తేదీయే పుట్టిన తేదీ.

నియోజకవర్గం నిలబడింది. మరుసటి వారం సభ పెట్టి, బిడ్డకూ బిడ్డకూ సరిగ్గా మూడేళ్ల ఎడం పాటించిన ఆదర్శ తల్లిగా బట్టలు కుట్టే ఆవిడను వేదిక మీదికి పిలిచారు. పిల్లలిద్దరూ ఆమె వెనకే నడిచి వెళ్లారు.

మంత్రిగారు చిన్నవాడి తల నిమిరి, మైకు అందుకున్నారు.

"పుట్టి వారమే అయింది, అప్పుడే నడుస్తున్నాడు. మన పాలనలో ప్రగతి వేగం ఇదీ."

సభ చప్పట్లతో మారుమోగింది. ఆవిడ మెట్లు దిగి వచ్చి, టీకాలు వేసే గది ఎటువైపో నన్ను అడిగి, చిన్నవాణ్ణి ఎత్తుకుని అటు నడిచింది.